స్పేసర్లు తీసేశాకే నా పికప్ కుదురుకుంది

శ్రీసిటీలో తయారైన నా ఇసుజు వీ-క్రాస్‌కి స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించాక ముందు భాగం కిందికి వాలింది. ఎత్తు పెరిగితే చాలనుకుని ముందు స్ప్రింగ్‌ల పైన పెట్టే రెండు అంగుళాల దిమ్మలు, అంటే స్పేసర్లు, వేయించాను. తప్పంతా అక్కడే. స్పేసర్ బండిని లేపుతుంది కానీ స్ప్రింగ్‌కి బలమివ్వదు. పైగా ముందు యాక్సిల్ జాయింట్ల వాలు పెరిగి, కొన్ని నెలలకే వాటిని కప్పి ఉంచే రబ్బరు బూట్ చిరిగి గ్రీజు చిమ్మింది.

ఈసారి స్పేసర్లు తీసేసి స్ప్రింగ్‌లే మార్చాలనుకున్నాను. ముందుగా సామానంతా వేసుకుని వేబ్రిడ్జికి వెళ్లాను. ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా తూకం వేయించాను. స్ప్రింగ్ ఎంచుకోవాల్సింది ఆ అంకెల్ని బట్టే, ఎత్తును బట్టి కాదు. ముందు బంపర్ బరువుకి తగ్గ కాయిల్ స్ప్రింగ్‌లు తీసుకున్నాను. వెనక ఎప్పుడూ ఉండే బరువు తక్కువే, అందుకే మరీ గట్టి కమానుకట్టలు (లీఫ్ స్ప్రింగ్‌లు) వద్దన్నాను. ఖాళీ బండికి అవి వేస్తే నడుం విరుగుతుంది, నిజంగా! ఊగిసలాటని ఆపే షాక్‌లు ఆ స్ప్రింగ్‌లకి జోడైనవే వేయించాను.

కమానుకట్టల చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించమనండి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్‌లు మెలితిరిగి త్వరగా పోతాయి. తర్వాత చక్రాల అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించాను. వెయ్యి కిలోమీటర్లకి కమానుకట్టల్ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ-బోల్టులు మళ్లీ బిగించారు.