గుత్తికోయ గూడేనికి టీకాలు తీసుకెళ్లేటప్పుడు

2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ఏర్పడ్డ సాయుధ దళాలు) గొడవలకు ఛత్తీస్‌గఢ్ వదిలి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల గూడేలు మా చర్ల (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) వైపు అడవిలో ఉన్నాయి. అక్కడికి ఒక్క పోలియో చుక్కలే పట్టుకుని వెళ్లకండి. కొత్తలో నేనలాగే వెళ్లాను. ఒక తల్లి జ్వరంతో మూలుగుతున్న పెద్దపిల్లను చూపించి, "దీనికేం తెచ్చావు?" అంది. నోట మాట రాలేదు.

ఇప్పుడు ముందు రోజే ఆశా అక్కతో గూడెం పెద్దకు కబురు పెడతాను. సంచిలో మలేరియా కిట్లు, ఓఆర్ఎస్, జ్వరం మందు తప్పనిసరి. టీకాలు చల్లగా ఉంచే క్యారియర్‌లో చుక్కలతోపాటు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) కూడా పెట్టండి. ఐస్‌ప్యాక్ ఊపి చూడండి, లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. రాయిలా ఉంటే పెంటావాలెంట్ గడ్డకట్టి పాడైపోతుంది. ఎంఆర్ పొడిని దాని ద్రవంతో కలిపాక 4 గంటలే పనికొస్తుంది, కాబట్టి పిల్లలు చెట్టు కిందికి చేరాకే కలపండి.

పాత రిజిస్టర్ నమ్మొద్దు, గుడిసె గుడిసెకూ తిరిగి రాసుకోండి. చుక్కలు వేశాక ఎడమ చిటికెన వేలికి గుర్తు పెట్టండి. మిర్చి కోతలకు పోయినవాళ్ల పేర్లు మాత్రం విడిగా రాయండి. వాళ్ల పిల్లలు చేను గట్టు మీదే దొరుకుతారు.