ప్రకృతి విజ్ఞానం, చిత్రకళ రెండూ ఉన్న మ్యూజియం చూసేదెలా

చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు, ముందే కనుక్కోండి. అన్ని గదులూ ఒకేరోజు చుట్టేయాలనుకోవద్దు. గంటన్నర దాటాక ఏదీ మనసుకెక్కదు. రెండు మూడు గదులు చాలు. చిత్రాలకు ఓపిక ఎక్కువ కావాలి కాబట్టి ముందు వాటి దగ్గరికే వెళ్లండి.

నీటిరంగుల చిత్రాలున్నచోట వెలుతురు సుమారు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించనివ్వరు. ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి, ఇక తిరిగిరావు. మసకగా ఉందని వెనక్కి రాకండి, ఐదు నిమిషాల్లో కళ్లు అలవాటుపడతాయి. మొదట దూరం నుంచి మొత్తం బొమ్మ, తర్వాత దగ్గరగా కుంచె జాడలు, చివర్లోనే పేరుపలక. పలక ముందే చదివితే అందులో రాసిందే కనిపిస్తుంది.

గడ్డి కూరిన జంతువులను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. పాతవాటి చర్మాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ అనే విషం పూసేవారు, అది ఇప్పటికీ అంటుకోవచ్చు. పుర్రెల దగ్గర మాత్రం తీరిగ్గా ఆగండి, అసలు చదువు అక్కడే ఉంది. మాంసాహారుల కళ్లు చాలావరకు ముందుకు, మేసే జంతువులవి పక్కలకు ఉంటాయి. పళ్లతో సహా గీసుకోండి, పెన్సిల్‌తోనే. సిరా మరక పోదు.

ఫొటోలకు అనుమతి ఉంటే ఫ్లాష్ ఆపేయండి. లెన్స్ ప్రదర్శన పెట్టె అద్దానికి తగలకుండా వీలైనంత దగ్గరగా పెడితే ప్రతిబింబాలు తగ్గుతాయి.