పెద్ద సెడాన్ నుంచి చిన్న సెడాన్‌కు మారేవారు ఏం కొలవాలి?

పాత పెద్ద సెడాన్‌ను ఇచ్చేసి చిన్నది కొనాలనుకునే విశాఖవాసులు షోరూమ్‌కు వెళ్లే ముందు టేపు తీసుకుని సెల్లార్‌లోకి దిగడం మంచిది. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య వెడల్పు కొలిచి ఊరుకోకుండా, తలుపు తెరిచి మనిషి దిగడానికి పట్టే చోటును కూడా లెక్కలో వేసుకోవాలి.

తర్వాత చూడవలసింది, కారు ఎంత తగ్గిందని కాదు, ఎక్కడ తగ్గిందని. ఇందుకు 1977 నాటి అమెరికా పెద్ద సెడాన్ షెవర్లే కాప్రిస్ మంచి కొలబద్ద. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1978 మోడళ్లు సగటున గ్యాలన్‌కు 18 మైళ్లు ఇవ్వాలని అమెరికా చట్టం చేసిన రోజుల్లో, జనరల్ మోటార్స్ ఆ సెడాన్ పొడవును సుమారు 566 సెంటీమీటర్ల నుంచి 539కి, వీల్‌బేస్‌ను (ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని) 309 నుంచి 295కి కుదించింది. బరువు కూడా 250 కిలోలకు పైగా తగ్గింది. అయినా పైకప్పును ఎత్తు చేసి పక్కలను నిటారుగా నిలపడంతో వెనుక కూర్చునేవారికి తల దగ్గరా కాళ్ల దగ్గరా చోటు పెరిగింది, డిక్కీ కూడా పెద్దదైంది. పోయిందంతా అలంకారానికి సాగదీసిన రేకే. (ఆ ఏడాది అదే సంస్థవారి మధ్యస్థాయి కారు మాంటే కార్లో ఈ 'పెద్ద' కారుకన్నా కాస్త పొడవుండేది!) పోటీదారు ఫోర్డ్ మాత్రం తన పెద్ద కారు ఎల్‌టీడీని 1979 దాకా కుదించలేదు.

మన దేశంలో కోత వేరే చోట పడింది. నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిన్ కార్లకు పన్ను తక్కువ కావడంతో 2012లో మారుతి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్ల నుంచి 3,995కి దిగింది. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కి పడిపోయింది. ఆ తర్వాతి తరంలో కొంత తిరిగి వచ్చినా, నా దృష్టిలో కాప్రిస్‌లో జరిగినంత నిజాయితీ గల కుదింపు అది కాదు.

కాబట్టి బ్రోషర్‌లోని లీటర్లను నమ్ముకోకుండా, బంధువులను రైల్వే స్టేషన్‌లో దింపడానికి తీసుకెళ్లే సూట్‌కేసులనే డిక్కీలో పెట్టి చూడాలి. సీఎన్‌జీ కారైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సిలిండర్ చాలా మోడళ్లలో డిక్కీలోనే కూర్చుంటుంది. ముందు సీటును మీ కాళ్లకు సరిపడా జరుపుకుని, ఆ సీటు వెనుకే మీరు కూర్చోవాలి. ఇంజిన్‌ను ఒక్కరే నడిపి అంచనా వేయకూడదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించాలి. తిరుగు దారిలో ఆ కారును మీ సెల్లార్‌లోకి దించి, రివర్స్‌లో మీ చోటులో పెట్టి, నాలుగు తలుపులూ తెరిచి చూశాకే అడ్వాన్సు మాట ఎత్తాలి.