తక్కువ లిమిట్ (చిన్న పందేల) ఒమాహా పోకర్: మంచి చెయ్యే (ముక్కల కలయికే), కానీ ఓడిపోవచ్చు. పందెం పెంచే ముందు జాగ్రత్తలు

• ముందు చేతిలోవి సరిగ్గా 2 ముక్కలు, బోర్డు (అందరికీ కనిపించేలా టేబుల్ మీద పరిచే ముక్కలు) మీదివి 3 వాడి చెయ్యి లెక్కేసుకోండి. ఒక్క ఇస్పేటు చేతిలో ఉండి, బోర్డు మీద నాలుగుంటే అది ఫ్లష్ (ఒకే రంగు, అంటే ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) కాదు.

• రాజుతో ఫ్లష్ పడిందా? అదే రంగు ఆసు బోర్డు మీద లేకపోతే కాల్ చేయడం (అవతలివాడి పందేనికి సమానంగా పెట్టడం) వరకే ఆలోచించండి. ప్రతి ఒక్కరికీ 4 ముక్కలు, అంటే రెండేసి ముక్కల జతలు 6. ఐదారుగురు ఫ్లాప్ (బోర్డు మీద మొదటి 3 ముక్కలు) చూసే టేబుల్లో పెద్ద ఫ్లష్ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు.

• చిన్న సెట్‌తో (చేతిలో ఒకే అంకెవి రెండు, బోర్డు మీద అదే అంకెది ఒకటి) ఇంకా జాగ్రత్త. బోర్డు రాణి, 9, 5. మీ దగ్గర రెండు 5లు. టర్న్‌లో (బోర్డు మీద నాలుగో ముక్కగా) మరో రాణి వస్తే ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు) అని సంబరపడతాం. కానీ రాణి-9 ఉన్నవాడూ, రెండు 9లు ఉన్నవాడూ మిమ్మల్ని ఓడిస్తారు. మామూలుగా చెక్ చేసేవాడు (పందెం పెట్టకుండా వదిలేసేవాడు) అక్కడ రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) పెద్ద చెయ్యి ఉందని నమ్మండి.

• టర్న్‌కి అవతలివాడికి స్ట్రెయిట్ (వరుస అంకెల ఐదు ముక్కలు) పడి, మీకు సెట్ మాత్రమే ఉంటే మిగిలిన 44 ముక్కల్లో మిమ్మల్ని గెలిపించేవి మహా అయితే 10. పాట్ (మధ్యలో పోగైన పందెం డబ్బు) పెద్దదైతే కాల్, లేకపోతే ఫోల్డ్ (ముక్కలు పడేసి తప్పుకోవడం).

• బ్లఫ్ (చెయ్యి లేకున్నా ఉన్నట్టు పందెం కాయడం) సంగతి మర్చిపోండి, ఇక్కడ ఎవరూ ఫోల్డ్ చేయరు.

• హై-లో ఆటలో (పాట్‌లో సగం పెద్ద చెయ్యికి, సగం ‘లో’ అనే అతి చిన్న చెయ్యికి) ఆసు-2తో లో ఒక్కటే ఉంటే రెయిజ్ వద్దు. ఇంకొకరి దగ్గరా అదే లో ఉంటే మీకొచ్చేది పాట్‌లో నాలుగో వంతే. ముగ్గురే మిగిలిన పాట్‌లో అది నష్టమే.