కువైట్‌కి వెళ్లాలా వద్దా: దేవుని చిత్తం అడిగే పద్ధతి

మా కోనసీమలో స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే కువైట్ పేరు రాకుండా ఉండదు. అప్పు తీరాలి, ఇంటికి స్లాబు పడాలి, ఆడపిల్ల చదువు ఆగకూడదు. ఏజెంటేమో వీసా రెడీగా ఉందంటాడు. "అక్కా, ఇది దేవుని చిత్తమో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడిగే చెల్లెళ్లకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. పెళ్లి సంబంధానికైనా, స్థలం కొనడానికైనా ఇదే పద్ధతి.

ముందు వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికని ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే చీటీ సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరితోపాటు నేనూ తీసుకుంటాను, ఏడాదంతా బైబిల్లో దాచుకుంటాను. కానీ కార్డు మీద "ఇదిగో తలుపు నీ యెదుట తీసియుంచియున్నాను" అని వచ్చింది కాబట్టి డబ్బు కట్టేస్తానంటే ఒప్పుకోను. ప్రకటన 3వ అధ్యాయం మొత్తం చదవండి. ఆ మాట ఫిలదెల్ఫియ సంఘానికి, కొంచెం శక్తే ఉన్నా ఆయన వాక్యాన్ని విడిచిపెట్టనివాళ్లకు చెప్పినది. అది మనకు ధైర్యమిస్తుంది. మన వీసా కాగితం అసలుదో నకిలీదో అది చెప్పదు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని జవాబు అనుకోవడమూ ఇంతే.

అడిగేటప్పుడు తేటగా అడగండి. "ప్రభువా, నన్ను నడిపించు" అని మాత్రమే అంటే మీరేం అడిగారో మీకే గుర్తుండదు. ఒక నోట్‌బుక్కు తీసి తేదీ వేసి రాయండి: ఎవరింట్లో పని, ఎన్నేళ్లు, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, జీతంలోంచి అప్పుకు నెలకెంత పోతుంది. ఒక్కో ప్రశ్న పేరుపేరునా ప్రార్థనలో చెప్పండి. కింద రెండు గీతల చోటు వదలండి, తెలిసింది తెలిసినట్టు అక్కడ రాసుకోవడానికి.

నాకు ఈ విషయంలో దావీదు చాలా ఇష్టం. 1 సమూయేలు 23లో కెయీలా ఊరిమీద ఫిలిష్తీయులు పడ్డారని విని, నేను వెళ్లనా అని అడిగాడు. వెళ్లమని జవాబొచ్చింది. వెంట ఉన్నవాళ్లు భయపడితే వాళ్లను కసరలేదు, మళ్లీ అడిగాడు. రెండోసారి అడగడం అవిశ్వాసం కాదు చెల్లీ. భయం ఉంటే భయాన్నే ప్రార్థనలో పెట్టండి. ఇంకా చూడండి, ఊరిని కాపాడాక, తనను చంపాలని వెంటపడుతున్న రాజు సౌలు వస్తాడా, ఈ ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా అని అడిగితే అప్పగిస్తారనే తెలిసింది. దేవుడు వెళ్లమన్న ఊరినే విడిచి దాదాపు 600 మందితో బయటపడ్డాడు. కాబట్టి ప్రార్థించి వెళ్లిన పనిలోంచి తిరిగి రావాల్సి వస్తే, మొదట విన్నది తప్పని కుమిలిపోకండి.

కొన్నిటికి ప్రార్థన అక్కర్లేదు. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి అవసరమయ్యేది) మీద గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. వయసు ఎక్కువ వేయిద్దామని ఏజెంటు అంటే, అది దేవుని చిత్తమా అని అడిగే పనే లేదు. అబద్ధం గురించి ఆయన ఎప్పుడో చెప్పేశాడు.

ఇక విచారణ. యెహోషువ 9లో పక్కనే ఉండే గిబియోనువాళ్లు మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టెలు చూపించి దూరదేశం నుంచి వచ్చామని నమ్మించారు. ఇశ్రాయేలు పెద్దలు రొట్టె చూశారు గానీ యెహోవాను అడగలేదు. మనం ప్రభువును అడుగుతాం, రొట్టె వైపు చూడం, అంటే విచారణ చేయం. ఉపవాసం ఉన్న రోజే ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే అక్కడితో ఆపేయండి. రేపటిలోగా కట్టకపోతే వీసా పోతుందంటే పోనివ్వండి. దావీదుకు మళ్లీ అడిగే వ్యవధి ఇచ్చిన దేవుడు మిమ్మల్ని తొందరపెట్టడు.

ఇద్దరితో మాట్లాడండి: మీ మాటకు తలూపకుండా నిజం చెప్పే ప్రార్థనాపరురాలు ఒకరు, కువైట్‌లో పనిచేసి వచ్చిన ఆమె ఒకరు. భర్తకు, అత్తగారికి తెలియకుండా ఏదీ తేల్చుకోకండి. ఎవరైనా "నువ్వు వెళ్లాలని ప్రభువు నాకు చూపించాడు" అంటే వినండి, కొట్టిపారేయకండి. పౌలు థెస్సలొనీకయులకు రాసింది ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దని, సమస్తాన్నీ పరీక్షించమని కూడా. ఆ మాటకు కానుక అడిగితే మాత్రం లేచి వచ్చేయండి.

మనసులో సమాధానం, అంటే నెమ్మది కలిగిందా అని రాత్రి ఏడ్చి అలసిపోయాక చూసుకోకండి. నిద్రపోయి లేచి, పిల్లల్ని బడికి పంపాక నోట్‌బుక్కు తెరిచి చూడండి. ఖాళీగా ఉన్న ప్రశ్నలు ఇంకా ఉంటే జవాబు ఇంకా రాలేదన్నమాట, ఆగండి.

అన్నీ నిండి, వెళ్లాలనే తేలితే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, సంఘంలో నమ్మకమైనవాళ్ల దగ్గర ఒక సెట్టు ఉంచండి. కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరు ఫోన్లో వేసుకోవడంతోపాటు ఒక కాగితం మీద కూడా రాసి బైబిల్లో పెట్టుకోండి. ఫోన్ మీ చేతిలో ఉండనివ్వని ఇళ్లూ ఉంటాయి.