నమీబియా సఫారీ: విజయవాడ నుంచి వెళ్ళేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

ఏనుగులనూ సింహాలనూ వాటి సొంత చోట చూడాలని ఆఫ్రికా ప్రయాణం తలపెట్టే మన ప్రాంతపు కుటుంబాలు సాధారణంగా కెన్యా పేరో టాంజానియా పేరో చెబుతాయి. ఆ దేశాలకు వంక పెట్టవలసిన పని లేదు గాని, వన్యప్రాణులతో పాటు ఎడారిని కూడా కళ్ళారా చూడాలనుకునేవారికి నేను నమీబియానే సూచిస్తాను. ఆఫ్రికా ఖండపు నైరుతి అంచున అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఈ దేశం 1990 మార్చి 21న స్వాతంత్ర్యం పొందింది. విస్తీర్ణంలో ఇది మన ఆంధ్రప్రదేశ్‌కు సుమారు ఐదు రెట్లు ఉంటుంది, జనాభా మాత్రం 30 లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకొని ప్రయాణాన్ని ఆలోచించాలి, ఎందుకంటే ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది, అందులో చాలా భాగం కంకర రోడ్డే, విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళివచ్చినట్లు పూటలో ముగిసే ప్రయాణం అక్కడ ఒక్కటీ ఉండదు.

అందుకే ప్యాకేజీలో ఎన్ని చోట్లు చూపిస్తారని కాక, ఒక్కో చోట ఎన్ని రాత్రులు ఉంచుతారని అడగడం మొదటి పని. ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా మొదటి ప్రయాణంలో పది రోజులకు తొమ్మిది చోట్లు రాసి ఉన్న కాగితాన్ని చూసి సంతోషించి డబ్బు కట్టాము. వన్యప్రాణులను చూడడానికి ముఖ్యమైన చోటు ఎటోషా పార్కు, 'ఎటోషా పార్కు దగ్గర' అని రాసిన బస తీరా చూస్తే గేటుకు గంట ప్రయాణం దూరంలో ఉంది. మేము లోపలికి చేరేసరికి ఎండ ఎక్కింది, రాత్రి నీటి గుంట దగ్గర గడిపిన సింహాలు పొదల్లోకి వెళ్ళిపోయాయి, తడి మట్టిలో వాటి అడుగులు మాత్రం మిగిలాయి. రెండోసారి వెళ్ళినప్పుడు చోట్లను నాలుగుకు తగ్గించుకొని, ఎడారిలోని సెస్రీమ్‌లో మూడు రాత్రులు, సముద్రతీరాన ఉన్న స్వాకోప్‌మండ్‌లో రెండు, ఎడారి ఏనుగులు తిరిగే డమరాలాండ్‌లో రెండు, ఎటోషాలో నాలుగు రాత్రులు ఉన్నాము. మొదటిసారి కిటికీలోంచి గబగబా చూసిన ప్రతిదీ ఈసారి నిదానంగా కనిపించింది.

సెలవులను బట్టి కాలాన్ని ఎంచుకోవడం మనకు తప్పదు గనుక ఆ లెక్క ముందే చెబుతాను. అక్కడ మే నుంచి అక్టోబరు వరకు వానలు ఉండవు. వానలు ఆగిన తరువాత నెలలు గడిచేకొద్దీ అడవిలోని చిన్న మడుగులన్నీ ఎండిపోయి జంతువులు మిగిలిన కొద్ది నీటి గుంటల దగ్గరికే రావలసి వస్తుంది, గడ్డి కూడా తగ్గిపోయి చూపు దూరం సాగుతుంది. అందువల్ల జులై నుంచి అక్టోబరు వరకు జంతువులు బాగా కనిపిస్తాయి, మన దసరా సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో వెళితే, గడ్డి ఇంకా ఎత్తుగానే ఉంటుంది గాని వాతావరణం హాయిగా ఉంటుంది, రద్దీ తక్కువ. జనవరి నుంచి మార్చి వరకు వానకాలం, జంతువులు చెల్లాచెదురుగా ఉంటాయి. దసరాకు వెళ్ళదలచినవారు ఆ ఏడాది సంక్రాంతి నాటికే బసలు ఖాయం చేసుకోవడం మంచిది, పార్కు గేట్ల లోపల ఉన్న గదులు అన్నిటికంటే ముందు నిండిపోతాయి.

కాగితాల విషయం క్లుప్తంగా చెప్పుకుందాము. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక టికెట్లు కొనడానికి ముందే నమీబియా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోవాలి. మనకు అక్కడికి నేరుగా విమానం లేదు, సాధారణంగా జొహన్నెస్‌బర్గ్ మీదుగానో ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగానో రాజధాని విండ్‌హుక్ చేరుకుంటారు. జొహన్నెస్‌బర్గ్‌లో విమానాశ్రయం బయటికి రావాలంటే దక్షిణాఫ్రికా వీసా వేరుగా కావాలి. ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉన్నందున ఆ దారిన వెళ్ళేవారు టీకా నిబంధనలను రెండు వైపులా, అంటే నమీబియాలో దిగేటప్పుడూ తిరిగి మన దేశంలో దిగేటప్పుడూ వర్తించేవాటిని చూసుకోవాలి. ఆ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, వేయించుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది. పిల్లలను తీసుకువెళ్ళేవారు జనన ధ్రువపత్రం అసలు ప్రతిని వెంట ఉంచుకోవాలి. ఎటోషా వైపు మలేరియా ఉంటుంది, ముఖ్యంగా వానకాలంలో, కాబట్టి మాత్రల సంగతి డాక్టరును అడగాలి. ప్రయాణ బీమాలో అత్యవసరంగా విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా చేరి ఉందో లేదో చదివి చూడాలి, ఎందుకంటే పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరు చాలా దూరంలో ఉంటుంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేవారే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు, ఆ సొమ్మును ఆదాయపు పన్ను రిటర్నులో చూపుకోవచ్చు గనుక రసీదు పోగొట్టుకోరాదు.

ఇక నిర్వాహకులను ఎంచుకోవడం. విజయవాడలోని ఏజెంటు ద్వారా వెళ్ళినా అక్కడ మిమ్మల్ని తిప్పేది నమీబియా సంస్థే, కాబట్టి దాని పేరు ముందే తెలుసుకొని, అది నమీబియా టూరిజం బోర్డులో నమోదైనదో కాదో చూసుకోవాలి. బండిలో ఎంతమందిని ఎక్కిస్తారు, ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు ఉంటుందా, పైకప్పు తెరుచుకుంటుందా, డ్రైవరే గైడా లేక ఇద్దరూ వేరా, ఈ నాలుగు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఆరుగురు ఎనిమిదిమంది ఉన్న బండికి కొంచెం ఎక్కువ చెల్లించినా దండగ కాదు. ఇరవై మంది ఉన్న బస్సులో ఒకరికి ఏనుగు కనిపిస్తే తక్కినవారికి ఆ ఒకరి భుజాలు కనిపిస్తాయి. బస 'పార్కు లోపల' ఉందా 'పార్కు పక్కన' ఉందా అనేది పేరుతో సహా రాయించుకోవాలి. అక్కడ కూడా బండ్లు మనలాగే ఎడమ వైపునే నడుస్తాయి గనుక సొంతంగా కారు అద్దెకు తీసుకోవాలని కొందరికి అనిపిస్తుంది. కాని కంకర రోడ్డు మీద వేగంగా వెళుతూ బ్రేకు వేస్తే బండి పట్టు తప్పుతుంది, టైర్లు పగలడం మామూలు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ దొరకదు. మొదటిసారి వెళ్ళేవారు గైడుతో వెళ్ళడమే క్షేమమని నా అభిప్రాయం.

గైడు విలువ ఎటోషాలో తెలుస్తుంది. 1907లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ పార్కు విస్తీర్ణం 22,270 చదరపు కిలోమీటర్లు. దాని నడుమ సుమారు 130 కిలోమీటర్ల పొడవున తెల్లని ఉప్పు మైదానం పరుచుకొని ఉంటుంది, ఎటోషా అనే మాటకు 'పెద్ద తెల్లని చోటు' అని అర్థం చెబుతారు. ఆ తెల్ల మట్టిని ఒంటి నిండా చల్లుకున్న ఏనుగులు సున్నం కొట్టిన గోడల్లా కనిపిస్తాయి. ఇక్కడ అడవిదున్నలు, నీటి ఏనుగులు ఉండవు, వాటికోసం ఈశాన్యాన ఉన్న జాంబెజీ ప్రాంతానికి వెళ్ళాలి. ఇక్కడ సింహం, ఏనుగు, చిరుత, నల్ల ఖడ్గమృగం, జిరాఫీ, చారల గుర్రం, ఓరిక్స్ అనే పెద్ద కొమ్ముల జింక ఉంటాయి. చీతాలూ ఉన్నాయి. 2022 సెప్టెంబరు 17న మన కూనో జాతీయ పార్కులో వదిలిన ఎనిమిది చీతాలు ఈ దేశం నుంచి వచ్చినవే.

జంతువును వెతుక్కుంటూ తిరగడం కంటే నీటి దగ్గర కదలకుండా కూర్చోవడం వల్ల ఎక్కువ కనిపిస్తుంది. మా గైడు ఒక గుంట దగ్గర ఇంజను ఆపి, నీటిని చూడకండి, జిరాఫీ ఎటు చూస్తోందో చూడండి అన్నాడు. ఆ జిరాఫీ ముందు కాళ్ళు రెండూ ఎడంగా చాపి, మెడ వంచి, మూతి నీటికి తగిలేలోపే మళ్ళీ తల ఎత్తి, ఎడమ వైపు పొదనే చూస్తూ నిలబడింది. పక్కనున్న జింకలన్నీ అదే వైపు తిరిగి చెవులు నిక్కించాయి. పదిహేను నిమిషాల తరువాత ఆ పొదలోంచి ఆడసింహం ఆవులిస్తూ లేచింది. మేము మాత్రమే వెళ్ళి ఉంటే రెండు నిమిషాలు ఆగి ఫొటో తీసుకొని వెళ్ళిపోయేవాళ్ళమే.

ఒకాకుయో, హలాలి, నముటోని అనే మూడు శిబిరాల్లోనూ నీటి గుంటలకు రాత్రంతా దీపాలు వెలుగుతాయి. ఒకాకుయోలో బస దొరికితే వదులుకోరాదు. భోజనం తరువాత దుప్పటి కప్పుకొని రాతిగోడ వెనక బల్ల మీద కూర్చుంటే నల్ల ఖడ్గమృగాలు చీకట్లోంచి ఒక్కొక్కటిగా వెలుగులోకి వస్తాయి. అక్కడ మాట్లాడరాదు, ఫ్లాష్ వాడరాదు. ఖడ్గమృగం ఫొటోను చోటు వివరాలతో సామాజిక మాధ్యమాల్లో పెట్టరాదు, వేటగాళ్ళకు ఆ వివరాలే దారి చూపుతాయి. పార్కు గేట్లు సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు, వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటకూడదు, అనుమతించిన చోట తప్ప బండి దిగకూడదు, డ్రోన్లు ఎగరేయకూడదు.

ఎడారి భాగానికి సెస్రీమ్ ముఖద్వారం. ఎడారిలోకి పోయి ఇంకిపోయే త్సౌచాబ్ అనే వాగు అక్కడ ఒక సన్నని లోయను కోసింది. పూర్వం ఆ లోయ అడుగు నుంచి నీళ్ళు తోడడానికి ఆరు తోలు పట్టెడలను ముడివేయవలసి వచ్చేదట, సెస్రీమ్ అనే పేరుకు 'ఆరు పట్టెడలు' అనే అర్థం. ఇక్కడి నుంచి, దిబ్బల నడుమ ఉన్న సోసస్‌వ్లే వరకు 60 కిలోమీటర్లకు పైగా తారు రోడ్డు ఉంటుంది, చివరి ఐదు కిలోమీటర్లు మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్ప వెళ్ళలేని మెత్తని ఇసుక. గేటు లోపల బస ఉన్నవారిని సూర్యోదయానికి గంట ముందే వదులుతారు, బయట ఉన్నవారు సూర్యోదయం దాకా ఆగాలి. ఇసుక దిబ్బ ఒక పక్క ఎర్రగా, మరో పక్క నల్లని నీడగా విడిపోయే అందం ఆ తొలి గంటలోనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ బస కోసం ఎక్కువ చెల్లించడానికి వెనుకాడవద్దు. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టడం వల్లే ఆ ఎరుపు వస్తుంది. ఈ నమీబ్ ఇసుక సముద్రాన్ని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వేసవిలో కృష్ణ ఇసుకలో నడిచినవారికి కూడా ఈ దిబ్బలు కొత్తగానే ఉంటాయి. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కే అలవాటున్న మోకాలికి గట్టి మెట్టు మీద దొరికే ఆసరా ఇక్కడ దొరకదు, రెండు అడుగులు వేస్తే ఒక అడుగు వెనక్కి జారుతుంది. దిబ్బ పక్కవాలు మీద కాక అంచు మీదనే నడుస్తూ, ముందు వెళ్ళినవారి అడుగులోనే అడుగు వేయాలి, అక్కడ ఇసుక కొంత అణగి ఉంటుంది. 'బిగ్ డాడీ' దిబ్బ ఎత్తు సుమారు 325 మీటర్లు, పెద్దవారు దానిని ఎక్కకపోయినా లోటు లేదు. దాని పాదం దగ్గర ఉన్న డెడ్‌వ్లే అనే ఎండిన మట్టి మైదానానికి బండ్లు ఆగే చోటు నుంచి కిలోమీటరు పైచిలుకు నడిస్తే చాలు. ఒకప్పుడు వాగు నీళ్ళతో పెరిగిన చెట్లు, దిబ్బలు దారిని మూసేయడంతో ఎండిపోయి, కుళ్ళడానికి తేమ కూడా లేక కొన్ని వందల ఏళ్ళుగా అలాగే నల్లగా నిలబడి ఉన్నాయి. అవి మన తుమ్మకు దగ్గరి చుట్టాలు. వాటిని తాకకూడదు, ఎక్కకూడదు, విరిగితే మళ్ళీ మొలిచేవి కావు.

స్వాకోప్‌మండ్ సముద్రతీరం విశ్రాంతికి బాగుంటుంది. బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల అక్కడ ఉదయం పొగమంచు కమ్ముకుంటుంది, ఎడారిలోని పురుగులూ మొక్కలూ ఆ తేమ మీదనే బతుకుతాయి. డమరాలాండ్‌లో ఎడారికి అలవాటుపడిన ఏనుగులు ఎండిన వాగుల్లో ఇసుకను తవ్వి నీరు తాగుతాయి. మన ఏటి ఇసుకలో చెలమ తవ్వుకున్నట్లే ఉంటుంది ఆ పని. ఆ చెలమల దగ్గరికి తరువాత చిన్న జంతువులు కూడా వస్తాయి.

సామాన్ల విషయంలో మనవారు ఎక్కువగా పొరబడేది చలి గురించి. జూన్, జులై నెలల్లో తెల్లవారుజామున ఎడారిలో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది, తెరిచిన బండిలో గాలి కోసేస్తుంది. స్వెట్టరు, చలికోటు, మంకీ క్యాప్, చేతి తొడుగులు ఒకదాని మీద ఒకటి వేసుకొని, ఎండ ఎక్కాక ఒక్కొక్కటే తీసేయాలి. గట్టి సూట్‌కేసు కంటే మెత్తని సంచి బండిలో సులువుగా ఇముడుతుంది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్లు మనిషికి ఒకటి ఉండాలి, బయలుదేరే ముందు ఒక ఆదివారం గుంటూరు దగ్గరి ఉప్పలపాడుకు తీసుకువెళ్ళి, చెట్ల మీది కొంగలనూ గూడబాతులనూ చూస్తూ దానిని సరిచేసుకోవడం అలవాటు చేసుకోవాలి. కెమెరాకు ఆనిక కోసం ఖాళీ గుడ్డసంచి పట్టుకువెళ్ళి, అక్కడ బియ్యం కొని నింపి కిటికీ అంచున పెట్టుకోవచ్చు. ఇసుకలో లెన్సు మార్చరాదు.

అక్కడి భోజనంలో మాంసమే ప్రధానం, కాబట్టి శాకాహారులు బుక్ చేసే రోజునే చెప్పి, విండ్‌హుక్‌లో మరొకసారి గుర్తుచేయాలి. సీలు వేసిన కందిపొడి, పచ్చళ్ళు మేము వెంట తీసుకువెళ్ళాము, విమానాశ్రయంలో అడిగితే దాచకుండా చూపాలి. మన ఇళ్ళలో గీజరుకు వాడే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లకు సరిపోతుంది. నమీబియా డాలరు విలువ దక్షిణాఫ్రికా ర్యాండుతో సమానం, అక్కడ ర్యాండు కూడా చెల్లుతుంది. జొహన్నెస్‌బర్గ్‌లో మాత్రం నమీబియా డాలర్లు తీసుకోరు, కాబట్టి చివరి రోజున గైడుకు ఇవ్వదలచిన సొమ్మును ఆ నోట్లలోనే ఇచ్చి, మిగిలినవాటిని విండ్‌హుక్‌లోనే మార్చుకొని విమానం ఎక్కాలి.