టీమ్ మారే ముందు సీనియర్ బ్యాంకర్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

న్యూయార్క్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో మేనేజింగ్ డైరెక్టర్ (సంస్థ అధిపతి కాదు, డీల్స్ తెచ్చే సీనియర్ హోదా) అయ్యాక టీమ్ మారాలంటే ముందు ఇవి చూసుకోండి.

- క్లయింట్లు ఎవరితో ఉంటారు? అన్నిటికంటే ముఖ్యం ఇదే. హెల్త్‌కేర్ కంపెనీలను చూసే టీమ్ నుంచి ఎనర్జీ కంపెనీల టీమ్‌కి వెళ్తే ఏళ్లుగా పెంచుకున్న పరిచయాలు పాత టీమ్‌లోనే ఉండిపోతాయి. విలీనాలు, రీస్ట్రక్చరింగ్ (కంపెనీల అప్పులను సర్దుబాటు చేసే పని) లాంటి, అన్ని రంగాలకూ పనిచేసే టీమ్‌కి వెళ్తే పాత క్లయింట్ కంపెనీల సీఈఓలతో సంబంధం కొంతైనా పనికొస్తుంది. నా దృష్టిలో ఇదే మేలైన దారి.

- బోనస్ చేతికి వచ్చాకే కదలండి. బ్యాంకే మారుతుంటే, ఇంకా మీ పేరు మీదకు రాని షేర్లు పోవచ్చు. గార్డెన్ లీవ్ (రాజీనామా చేశాక జీతం తీసుకుంటూ, కొత్త చోట చేరకుండా ఆగాల్సిన కాలం) ఎన్నాళ్లో ఒప్పందంలో చదవండి.

- ట్రేడింగ్ వైపు వెళ్తుంటే, మీకు తెలిసిన రహస్య డీల్స్ గురించి కంప్లయన్స్‌తో (నిబంధనల అమలు చూసే విభాగం) ముందే మాట్లాడాలి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ పనికి ఇచ్చే సిరీస్ 79 లైసెన్స్ అక్కడ చాలదు.

- పాత బాస్‌కి విషయం మీ నోటి నుంచే తెలియాలి.

- మొదటి ఏడాది డీల్స్ తగ్గొచ్చు. అప్పటి బోనస్ ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.